కష్టకాలంలో దేవుడు, పూజ, మొక్కు: విశాఖలో తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంట్లో జబ్బు, తీరని అప్పు, ఊడిన ఉద్యోగం, ఎన్నాళ్లకీ కుదరని సంబంధం, పోయిన మనిషి... ఇలాంటిది ఏదైనా మీద పడ్డప్పుడు దేవుడి గురించి మనసులో లేచే ప్రశ్నలు మామూలు రోజుల్లో వచ్చేవి కావు. సింహాచలం మెట్ల మీద, బురుజుపేట అమ్మవారి క్యూలో, కేజీహెచ్ వార్డుల బయట బెంచీల మీద, మా బంధువుల ఇళ్లలో నేను మళ్లీ మళ్లీ విన్న ప్రశ్నలివి. నేను పూజారిని కాదు, శాస్త్రం చదివిన పండితుణ్ణి కూడా కాదు. మన పెద్దలు పాడుకున్నదీ, ఆచరించిందీ నాకు తెలిసినంతలో దగ్గర పెట్టుకుని జవాబులు రాశాను. మీ ఇంటి ఆచారం వేరుగా ఉంటే దాన్నే పాటించండి.

కష్టం వచ్చాకే దేవుడు గుర్తొచ్చాడు. ఇన్నాళ్లూ దీపం కూడా పెట్టలేదు. ఇప్పుడు వెళ్లి అడిగితే స్వార్థం కాదా?

కాదు. భగవద్గీత ఏడో అధ్యాయంలో కృష్ణుడు తనను కొలిచేవాళ్లు నాలుగు రకాలని చెబుతూ మొదట చెప్పింది కష్టంలో ఉన్నవాడి పేరే. తర్వాతే తెలుసుకోవాలనుకునేవాడు, ఏదో కావాలనుకునేవాడు, జ్ఞాని. వీళ్లలో జ్ఞాని అంటే తనకు ఎక్కువ ఇష్టమని చెప్పాడు గానీ, రెండు శ్లోకాల తర్వాత అందరూ ఉదారులేనని కూడా తనే అన్నాడు. ఏడుస్తూ వచ్చినవాణ్ణి గుమ్మంలోంచి వెనక్కి పంపమని ఎక్కడా లేదు.

గజేంద్రుడి సంగతే తీసుకోండి. ఆడ ఏనుగులతో మడుగులో హాయిగా జలకాలాడుతున్నంతసేపూ ఆయనకు విష్ణువు గుర్తు రాలేదు. మొసలి కాలు పట్టుకున్నాక కూడా వెంటనే పిలవలేదు, వెయ్యేళ్లు తన బలంతోనే లాగాడు. ఒంట్లో ఓపిక పూర్తిగా అయిపోయాక పిలిచాడు. ఇన్నాళ్లూ ఎక్కడున్నావని స్వామి అడగలేదు, పరుగున వచ్చాడు. మన తెలుగు ఇళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలిసిన కథ ఇది. మన దాకా వచ్చేసరికి మాత్రం ఎందుకో మర్చిపోయి సిగ్గుపడుతూ కూర్చుంటాం.

అసలు దేవుడు వింటున్నాడా అని అనుమానం వస్తోంది. ఇలా అనుకుంటూ పూజ చేస్తే ఫలితం ఉంటుందా?

మళ్లీ గజేంద్రుడి దగ్గరికే వెళ్దాం, ఎందుకంటే పోతన గారు ఈ ప్రశ్నను ఆయన నోటే పెట్టారు. దీనుల పక్కన ఉంటాడంటారు, యోగుల దగ్గర ఉంటాడంటారు, అన్ని దిక్కుల్లో ఉంటాడంటారు, ఇలా చెప్పుకుంటూ వచ్చి చివర్లో "కలడు కలండనెడువాడు కలడో లేడో" అనేశాడు. ఉన్నాడు ఉన్నాడని అందరూ అనే ఆయన అసలు ఉన్నాడో లేడో అని. మనం మొక్కుకునేటప్పుడు ఎవరికీ చెప్పుకోలేక లోపల దాచుకునే మాట సరిగ్గా అదే. ఆ పద్యం ప్రార్థన మధ్యలో ఉంది, ప్రార్థనకు బయట లేదు. గజేంద్రుడు అనుమానం వచ్చిందని నోరు మూసుకోలేదు, ఆ అనుమానాన్ని కూడా స్వామికే వినిపించాడు. "లావొక్కింతయు లేదు" అని పూర్తిగా వదిలేసిన పద్యం దాని తర్వాతే వస్తుంది. మీరూ అలాగే చెయ్యండి. నమ్మకం గట్టిపడ్డాక పూజ మొదలుపెడదామని ఆగకండి. "నువ్వున్నావో లేదో నాకు తెలియట్లేదు స్వామీ, అయినా నీకే చెబుతున్నాను" అనండి. అంతకంటే నిజమైన ప్రార్థన నాకు తెలిసి లేదు.

కోపంలో దేవుణ్ణి తిట్టేశాను. పటం కూడా తిరగేసి పెట్టాను. ఇప్పుడు భయంగా ఉంది.

భయపడకండి. పటం తిప్పి మామూలుగా పెట్టి, ఒక దీపం వెలిగించండి చాలు.

భద్రాచలంలో గుడి కట్టించి, ఖజానా సొమ్ము వాడినందుకు గోల్కొండ కోటలో పన్నెండేళ్లు చెరలో ఉన్న కంచర్ల గోపన్న, అంటే మన రామదాసు, ఎంత మాట అన్నాడో గుర్తు చేసుకోండి. నీకూ, సీతమ్మకూ, తమ్ముళ్లకూ ఈ నగలు చేయించాను, ఇన్ని వరహాలు పట్టాయి అని ఒక్కొక్కటీ లెక్క చెప్పి "ఎవడబ్బ సొమ్మని కులుకుతూ తిరిగేవు" అని రాముణ్ణే నిలదీశాడు. ఆ పాటలోనే మళ్లీ, తిట్టానని కోపం తెచ్చుకోకు, ఈ దెబ్బలకు తాళలేక తిట్టాను అని వేడుకున్నాడు. ఆ కీర్తనను మనం దాచిపెట్టుకోలేదు, శ్రీరామనవమి పందిళ్లలో మైకు పెట్టి మరీ పాడుకుంటాం. దేవుడి మీద అరిచే చనువు ఉన్నవాణ్ణి మన సంప్రదాయం నాస్తికుడని అనలేదు, భక్తుల్లో పెద్దపీట వేసింది.

నన్నడిగితే కోపం కంటే మౌనం ఎక్కువ ప్రమాదం. కోపం ఉందంటే ఆయనతో మీకు ఇంకా మాట ఉన్నట్టే.

ఏ జన్మలో ఏం పాపం చేశామని మాకే ఈ కష్టం?

ఈ ప్రశ్న అడిగే తల్లుల్ని నేను చాలామందిని చూశాను, అందుకే దీనికి కాస్త ఎక్కువ రాస్తాను.

కర్మ అనేది మన ధర్మంలో ఉంది, దాన్ని కాదనను. సంచితం (పోగుపడి ఉన్నది), ప్రారబ్ధం (ఇప్పుడు అనుభవిస్తున్నది), ఆగామి (ఇకముందు రాబోయేది) అని పెద్దలు విడమరిచి చెప్పారు. కానీ ఎవరికి ఏ కష్టం ఏ పని వల్ల వచ్చిందో చెప్పగలిగే లెక్క మనుషుల దగ్గర లేదు. జ్వరంతో ఉన్న బిడ్డ మంచం పక్కన నిలబడి "మీ కర్మమ్మా" అనే చుట్టాలుంటారు. వాళ్ల మాట శాస్త్రం కాదు, కఠినత్వం. ప్రారబ్ధం అన్న మాట నా కష్టాన్ని నేను ఓర్చుకోవడానికి వాడుకోవాలి గానీ, పక్కవాళ్ల కష్టానికి తీర్పు చెప్పడానికి కాదు.

కష్టం వచ్చిందంటే పాపం చేసినట్టే అనుకునేవాళ్లు ఒక్కసారి మన సింహాచలం స్థలపురాణం గుర్తు చేసుకోవాలి. ప్రహ్లాదుణ్ణి సముద్రంలో పడేసి పైన కొండను వేయిస్తే, స్వామి వచ్చి కాపాడిన చోటు ఇదేనని కదా మనం చెప్పుకునేది. ఆ పసివాడు ఏ పాపం చేశాడు? హరి నామం వదలకపోవడమే ఆయన కష్టాలన్నిటికీ కారణం. పాండవుల పక్కన సాక్షాత్తూ కృష్ణుడే ఉన్నా వాళ్లకు అడవి తప్పలేదు. అన్నీ అయిపోయాక కుంతీదేవి, మాకు ఆపదలు వస్తూనే ఉండనీ, వాటిలోనే కదా నీ దర్శనమైంది అని అడిగింది. మనమంతా అలా అడగగలమని నేననను, నేనైతే అడగలేను. కానీ ఆపద అంటే దేవుడు వేసిన శిక్ష అని ఆమె అనుకోలేదన్నది మాత్రం గట్టిగా పట్టుకోవాల్సిన సంగతి.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఊరు ఊరంతా దెబ్బతింది. సింహాచలం కొండ మీద చెట్లు కూలిపోయాయి, రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు మోగలేదు, తాగే నీళ్ల కోసం బిందెలతో లైన్లు కట్టాం. గాలికి పాపాత్ముల ఇల్లేదో, పుణ్యాత్ముల ఇల్లేదో తెలియలేదు. ఆ వారంలో నాకు కనిపించిన దైవం మాత్రం పక్కింటివాళ్ల గిన్నెలో ఉంది, ఉన్న బియ్యం కట్టెల పొయ్యి మీద వండి వీధి మొత్తానికి పెట్టారు.

కష్టంలో ఉన్నప్పుడు ఏది చదివితే మంచిది?

మీకు చిన్నప్పటి నుంచి నోటికి వచ్చింది ఏదైనా మంచిదే. హనుమాన్ చాలీసా, విష్ణు సహస్రనామం, లలిత, ఇంట్లో అమ్మమ్మ పాడిన మంగళహారతి అయినా సరే. కొత్తగా కష్టమైన స్తోత్రం నేర్చుకుని, తప్పు పలుకుతున్నానేమోనన్న టెన్షన్ నెత్తిన పెట్టుకోవడానికి ఇది సమయం కాదు.

పెద్దవాళ్లు మాత్రం ఎక్కువగా చెప్పేది సుందరకాండ. ఎందుకో అర్థం చేసుకుని చదివితే ఇంకా బాగుంటుంది. దాంట్లో 68 సర్గలు ఉన్నాయి. సముద్రం దాటినంత గొప్ప పని చేసిన హనుమంతుడు లంక అంతా గాలించి సీతమ్మ కనపడక కుంగిపోతాడు. దిగులు పడకపోవడమే సంపదకు మూలమని పన్నెండో సర్గలో తనకు తానే ధైర్యం చెప్పుకుంటాడు, అయినా తర్వాతి సర్గలోనే మళ్లీ జారిపోతాడు. నేను ఖాళీ చేతులతో వెళ్తే రాముడు బతకడు, ఆయన పోతే లక్ష్మణుడు బతకడు, అయోధ్యలో ఎవరూ మిగలరు, కిష్కింధ కూడా అంతే అని ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోతాడు. రాత్రి రెండింటికి నిద్ర పట్టక మనం పేర్చుకునేది కూడా ఇదే కదా. నేను లేకపోతేనే మేలేమో అన్నదాకా వెళ్తాడు. అక్కడ ఆగి, చావులో చాలా దోషాలున్నాయి, బతికున్నవాడు మంచిని చూస్తాడు అని తనే తేల్చుకుంటాడు. "జీవన్ భద్రాణి పశ్యతి" అన్నది వాల్మీకి మాట. అప్పుడు కళ్లు తెరిచి చూస్తే ఇంకా వెతకని తోట ఒకటి కనిపిస్తుంది. రాముడికి, లక్ష్మణుడికి, సీతమ్మకు, దేవతలకు దండం పెట్టుకుని అశోకవనంలోకి వెళ్తాడు.

అవతల అదే వనంలో సీతమ్మ కూడా ఇక చాలనుకునే స్థితిలో ఉంది. ఆమెకు చెవిన పడింది రామకథ. హనుమంతుడు చెప్పింది విన్నాక ఆమె అన్న మాట, మనిషి బతికుంటే నూరేళ్లకైనా ఆనందం వెతుక్కుంటూ వస్తుందని లోకంలో చెప్పుకునే మాట నిజమేనని. ముప్ఫై నాలుగో సర్గలో ఉంది, తెలుగు తాత్పర్యంతో ఉన్న పుస్తకంలో చూసుకోండి. రోజుకు ఒకటో రెండో సర్గలు, అర్థం తెలిసేలా చదవండి. ఇన్ని రోజుల్లో పూర్తి చేయకపోతే ఫలితం రాదని ఎవరైనా భయపెడితే పట్టించుకోవద్దు.

నాకు నిజంగానే బతకాలని లేదు. పూజ చేసినా మనసు మారట్లేదు.

ముందుగా ఒక్క మాట, ఇది చదువుతున్న వెంటనే ఎవరో ఒకరికి నోరు తెరిచి చెప్పండి. అక్కకో, స్నేహితుడికో, పక్క వాటా ఆంటీకో. ఇంట్లో చెప్పుకోలేని పరిస్థితి అయితే 14416కి ఫోన్ చెయ్యండి. అది కేంద్ర ప్రభుత్వం నడిపే టెలీ మానస్, డబ్బు కట్టక్కర్లేదు, ఏ వేళలోనైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. డాక్టర్ దగ్గరికి వెళ్లడమంటే భక్తి తక్కువైనట్టు కాదు. ఇలాంటి దిగులుకు కూడా వైద్యం ఉంది, మందు ఉంది.

పైన రాసిన హనుమంతుడి సంగతి మీ కోసమే రాశాను. అంతటివాడికే ఆ ఆలోచన వచ్చింది, వచ్చినందుకు ఆయన స్థాయి తగ్గలేదు, మీదీ తగ్గదు. ఈ రాత్రికి ఒంటరిగా ఉండకండి. పూజ సంగతి తర్వాత చూసుకోవచ్చు.

మనసు నిలవడం లేదు. జపం చేస్తుంటే ఈఎంఐ గుర్తొస్తుంది. పైగా నైట్ షిఫ్టులు. ఏ టైంలో చెయ్యాలి?

ఏ టైం అయినా. ప్లాంటులో డ్యూటీ దిగి బస్సులో కూర్చుని మన సింహాచలం అప్పన్న పేరు తలుచుకున్నా అది జపమే. ఈఎంఐ గుర్తొస్తే ఆ ఈఎంఐ సంగతే చెప్పుకోండి, దాన్ని పక్కకు నెట్టి దేవుడి మీద మనసు పెట్టాలని కుస్తీ పట్టొద్దు. గంటసేపు కూర్చోలేని వారాల్లో ఐదు నిమిషాలు కూర్చోండి. స్నానం చేసే ఓపిక లేనప్పుడు పడుకునే నామం చెప్పుకోండి.

మొక్కు మొక్కుకున్నాం. ఇప్పుడు తీర్చడానికి డబ్బు లేదు. ఆలస్యమైతే కీడు జరుగుతుందా?

మొక్కంటే కృతజ్ఞతతో ఇచ్చిన మాట. ఇచ్చిన మాట నిలబెట్టుకోవాలనే ఆత్రం మంచిదే, కానీ స్వామి వడ్డీ వ్యాపారి కాదు, గడువు దాటిందని మనుషుల్ని పంపడు. మన వైపు పెద్దవాళ్లకు దీనికి మంచి పద్ధతి ఉంది, పసుపు గుడ్డలో ఒక నాణెం కట్టి ముడుపుగా దేవుడి దగ్గర పెట్టి, వీలు చిక్కాక వచ్చి తీరుస్తామని చెప్పుకుంటారు. అది చాలు.

ఇంకొకటి, మొక్కుకునేటప్పుడే మన స్థాయిలో మొక్కుకోవడం మంచిది. తలనీలాలు, నడిచి మెట్లెక్కడం, పది మందికి పులిహోర పెట్టడం, ఇలాంటివి. ఆపదలో నోటికొచ్చినంత మొక్కేసి, తర్వాత అప్పు చేసి తీర్చి, ఆ అప్పు తీరాలని ఇంకో మొక్కు మొక్కుకునే ఇళ్లు నేను చూశాను, వాళ్లను చూస్తే కడుపు తరుక్కుపోతుంది. అలాంటి మొక్కు ఏదైనా ఉంటే గుడికి వెళ్లి, ఇది నా శక్తికి మించిపోయింది, ఇంత మాత్రం చేయగలను అని స్వామికి చెప్పుకుని ఆ చేయగలిగింది చేసెయ్యండి. మీ తరఫున అమ్మో అత్తగారో మొక్కుకుంటే వాళ్లనే అడిగి వాళ్ల చేతే చెప్పించండి, వాళ్ల మనసు కూడా తేలికపడుతుంది.

జాతకంలో దోషం ఉందట. హోమం చేయిస్తేనే కష్టం తీరుతుందని వేలకు వేలు అడుగుతున్నారు. చేయించాలా?

మీ దగ్గర మిగులు డబ్బు ఉండి, చేయించాలని మనసులో ఉండి, తెలిసిన మంచి పురోహితులు ఉంటే అది మీ ఇష్టం. అప్పు చేసి మాత్రం వద్దు, తాకట్టు పెట్టి అసలే వద్దు. ఇది చేయించకపోతే ఫలానా నెలలో ఇంట్లో ఎవరో పోతారని భయపెట్టే మనిషి గడప ఇంకోసారి తొక్కకండి. ఆకు, పువ్వు, పండు, నీళ్లు, వీటిలో ఏది భక్తితో ఇచ్చినా తీసుకుంటానని గీత తొమ్మిదో అధ్యాయంలో ఉంది. దానికింద రేటు ఏమీ రాయలేదు.

మన ఊళ్లో దీనికి కళ్లముందే ఉన్న సాక్ష్యం బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారు. ఆవిడకు పైన కప్పు లేదు, ఎండా వానా ఆవిడ మీదే పడతాయి. ఎవరైనా సరే తమ చేత్తో పాలు పోసి, పసుపు కుంకుమ పెట్టి, పాదాలు పట్టుకోవచ్చు. మార్గశిర మాసం గురువారాల్లో అర్ధరాత్రి నుంచే క్యూలు కడతారు, వాళ్లలో కూలిపని చేసుకునే ఆడవాళ్లు ఎందరో. రోడ్డు వెడల్పు కోసం 1917లో అమ్మవారిని పక్కకు జరిపితే ఊళ్లో ప్లేగు వచ్చిందని, మళ్లీ మొదటి చోటే పెట్టాక తగ్గిందని పాత నగరంలో పెద్దలు ఇప్పటికీ చెప్పుకుంటారు. జబ్బుతో ఊరంతా వణికిన రోజుల్లో జనం పట్టుకున్న కాళ్లవి. అక్కడికి వెళ్లడానికి మీకు జాతకం అక్కర్లేదు.

డాక్టర్ ఆపరేషన్ అంటున్నారు. అప్పన్నను నమ్ముకుని మందులు ఆపేస్తే?

ఆపొద్దు. సింహాచలం గుళ్లోని కప్పస్తంభాన్ని కౌగిలించుకుంటే జబ్బులు పోతాయని, పిల్లలు పుడతారని మన నమ్మకం. వెళ్లండి, గట్టిగా పట్టుకుని కోరుకోండి, దిగి వచ్చి మందు వేసుకోండి. రెండూ చేసేవాళ్లే మనలో ఎక్కువ. ఆపరేషన్ థియేటర్లోకి వెళ్లే ముందు డాక్టర్లలో కూడా చాలామంది దండం పెట్టుకునే వెళ్తారు.

ఉపవాసాల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. సుగర్, బీపీ ఉన్నవాళ్లు, ఇన్సులిన్ తీసుకునేవాళ్లు, గర్భిణులు, కీమో నడుస్తున్నవాళ్లు ఏకాదశి అనీ శనివారం అనీ కటిక ఉపవాసం ఉండకూడదు. అమ్మానాన్న వినకపోతే, ఆ పూట వాళ్లకు ఇష్టమైన ఒక పదార్థం మానేసి, అన్నమో టిఫినో తిని, మాత్ర వేసుకుని, ఉపవాసం ఉన్నంత నిష్ఠగా నామం చెప్పుకోమనండి. మా ఇంట్లో పెద్దవాళ్లు ఇలాగే ఒప్పుకున్నారు.

నాన్న పోయి నెల కాలేదు. మైల అంటున్నారు. ఏడాది గుడికి వెళ్లకూడదంటున్నారు. మరి నేను ఎవరికి చెప్పుకోవాలి?

మైల రోజులు, ఏడాది పాటు పండుగలు చేయకపోవడం, కొండ మీది గుళ్లకు వెళ్లకపోవడం, ఇవి చాలా ఇళ్లలో ఉన్న ఆచారాలే. కులాన్ని బట్టి, ఇంటిని బట్టి కొద్దికొద్దిగా మారుతుంటాయి, మీ పురోహితుణ్ణి అడిగితే మీ ఇంటి పద్ధతి చెబుతారు. అయితే నామం చెప్పుకోవడానికి మైల లేదు. మనసులో పిలవడానికి అడ్డు ఏదీ లేదు. ఆడవాళ్లు ఆ నాలుగు రోజుల గురించి అడిగినా నా జవాబు ఇదే.

దుఃఖంలో ఉన్న మనిషికి ఆ ఏడాది ఆచారంలో ఒక మంచి కూడా ఉందని నాకనిపిస్తుంది. పండుగ చెయ్యమని, నవ్వమని, కొత్త బట్టలు కట్టుకోమని ఎవరూ బలవంతం చెయ్యరు. నెల నెలా మాసికం వస్తుంది, నాన్నకు ఇష్టమైన కూర వండుతారు, ఆయన మాటలు నలుగురూ కూర్చుని చెప్పుకుంటారు. ఏడవడానికి తిథి ప్రకారం ఒక చోటు దొరుకుతుంది. గుడికి వెళ్లలేకపోతే సాయంత్రం బీచ్ దాకా నడిచి వెళ్లి, సముద్రం ముందు నిలబడి నాన్న పేరు, దేవుడి పేరు కలిపి చెప్పుకోండి. తప్పేమీ లేదు.

మంచం దిగలేని మనిషిని. గుడికి వెళ్లి ఎన్నాళ్లైందో. ఇంటి దగ్గర పూజ సరిపోతుందా?

సరిపోతుంది. 2020లో కరోనా వల్ల సింహాచలంలో చందనోత్సవం రోజున కూడా భక్తులెవర్నీ కొండ మీదికి రానివ్వలేదు, పూజారులే ఏకాంతంగా జరిపారు. ఏడాదికి ఒక్కసారి, అక్షయ తృతీయ నాడు మాత్రమే, స్వామి మీది చందనం తీశాక దొరికే నిజరూప దర్శనం అది. ఊరంతా ఇళ్లలోంచే దండం పెట్టుకుంది. ఆ దండాలు కొండ దాకా చేరలేదని నేను నమ్మను, మీవీ చేరతాయి.

మా బావగారు దర్గాకి వెళ్లి తాయెత్తు కట్టించుకొచ్చారు, మా వదిన చర్చికి వెళ్లి కొవ్వొత్తి వెలిగించింది. ఇలా చేస్తే మన దేవుడికి కోపం రాదా?

రాదు. హార్బర్ దగ్గర మూడు కొండలు చూడండి, ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి, ఒకదాని మీద మరియమ్మ చర్చి, ఒకదాని మీద దర్గా. విశాఖ జనం ఆపద వస్తే మూడూ ఎక్కుతారు. బిడ్డ బతకాలని అమ్మ ఎక్కే కొండల్ని లెక్కపెట్టే దేవుడు ఎవరూ లేరు.

ఎంతో మొక్కాం. అయినా మా బాబు దక్కలేదు. ఇక ప్రార్థన ఎందుకు?

దీనికి జవాబు తెలుసని చెప్పేవాళ్లను నేను నమ్మను. దేవుడికి ఇష్టమై తీసుకెళ్లాడని, అంతా మంచికేనని మీతో ఎవరైనా అంటే వినకుండా లేచి వెళ్లిపోయే హక్కు మీకుంది.

నాకు తెలిసినంత చెబుతాను. ప్రార్థన ఫలించడమంటే అడిగింది జరగడం ఒక్కటే అయితే, మన భక్తుల్లో సగం మంది ఓడిపోయినవాళ్లే. అడిగింది జరగనప్పుడు కూడా వాళ్లు ఆయన్ని వదల్లేదు, ఆయన తమను వదల్లేదనే నమ్మారు. సింహాచలంలో మనం మొక్కేది కూడా స్వామి రూపం చూసి కాదు కదా. ఏడాదిలో ఆ ఒక్కరోజు తప్ప చందనం కప్పుకుని ఉంటాడు. నాలుగు విడతలుగా, విడతకు మూడు మణుగుల చొప్పున చందనం వేస్తారు, లోపలి కళ్లు ఎలా ఉన్నాయో, అవి మనల్ని చూస్తున్నాయో లేదో కనిపించదు. అలా కనిపించని ఆయన ముందే తరతరాలుగా మన వాళ్లు పిల్లలకు అప్పన్న, అప్పలరాజు, అప్పలనర్సమ్మ అని పేర్లు పెట్టుకుంటూ వచ్చారు. ఆ పేర్లు పెట్టినవాళ్లలో బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లులూ ఉన్నారు. వాళ్లు ఎలా మళ్లీ దీపం పెట్టారో నేను వివరించలేను. పెట్టారన్నది మాత్రం నిజం.

మీరు ఇప్పుడే పెట్టాలని కాదు. మీకు పెట్టాలనిపించని రోజులు ఎన్నైనా ఉండనివ్వండి. ఇంట్లో ఇంకెవరైనా పెడుతుంటే ఆపకండి, అంతే. బాబు పేరు మీద ఏటా ఎవరికైనా అన్నం పెట్టడం కొందరికి కాస్త ఊరటనిస్తుంది, ఇవ్వకపోతే అదీ వద్దు.

కష్టంలో ఉన్న స్నేహితురాలికి ఏం చెప్పాలి?

ఎక్కువ చెప్పకండి. క్యారేజీ పట్టుకెళ్లండి, పిల్లల్ని స్కూల్ నుంచి తీసుకురండి, ఆస్పత్రిలో ఒక రాత్రి తోడు పడుకోండి. "నీ పేరు మీద అర్చన చేయించాను" అని చెప్పి ప్రసాదం చేతిలో పెట్టండి. ఫలానా పూజ చెయ్యి, ఫలానా వాస్తు మార్చు అన్న సలహాలు ఆమెకు ఇప్పటికే యాభై మంది ఇచ్చి ఉంటారు.

ఈసారి ఆషాఢంలో సింహాచలం గిరిప్రదక్షిణ చేస్తానని మొక్కుకున్నాను. ఆరోగ్యం అంతంత మాత్రం. నడవగలనా?

దాదాపు 32 కిలోమీటర్లు, అది గుర్తు పెట్టుకోండి. ఆషాఢ పౌర్ణమికి ముందు రోజు మధ్యాహ్నం నుంచే జనం కొండ కింద మొదటి మెట్టయిన తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరతారు. అడవివరం, హనుమంతవాక, సముద్రం ఒడ్డు, మాధవధార, ఎన్‌ఏడీ, గోపాలపట్నం మీదుగా కొండ చుట్టూ తిరిగి రాత్రంతా నడిచి, మర్నాడు దర్శనం చేసుకుంటారు. దారి పొడవునా మజ్జిగ, మంచినీళ్లు, పులిహోర, పండ్లు చేతిలో పెడుతూనే ఉంటారు, ఆకలికి భయం లేదు. చాలామంది చెప్పులు లేకుండా నడుస్తారు కాబట్టి తారు రోడ్డు మీద అరికాళ్లు బొబ్బలెక్కుతాయి, వాన పడితే ఇంకా ఇబ్బంది. నెల ముందు నుంచి రోజూ కాస్త కాస్త నడక అలవాటు చేసుకోండి. గుండె జబ్బు, మోకాళ్ల నొప్పి, సుగర్ వల్ల కాళ్లు తిమ్మిర్లు ఉంటే మీ డాక్టర్‌ని అడగకుండా బయల్దేరవద్దు. సుగర్ ఉన్నవాళ్లకు పాదం మీద చిన్న పుండు కూడా త్వరగా మానదు, వాళ్లు మెత్తటి చెప్పులు వేసుకునే నడవాలి, స్వామి ఏమీ అనుకోడు. మాత్రలు, డాక్టర్ చీటీ జేబులో ఉంచుకోండి, ఇంట్లోవాళ్ల ఫోన్ నంబర్ కాగితం మీద రాసి పెట్టుకోండి, ఒక్కరే వెళ్లకండి. నడవలేనివాళ్లు కొండ మీద ఆలయం చుట్టూ ప్రదక్షిణలు చేసి మొక్కు చెల్లించుకుంటారు. మధ్యలో ఓపిక అయిపోతే ఆ చోటే కొండ వైపు తిరిగి దండం పెట్టుకుని, ఆటో ఎక్కి ఇంటికి వచ్చేయండి.